మట్టిరంగు పిట్టలు ఏడేసి ఎందుకు తిరుగుతాయి?

ఒకప్పుడు మట్టిరంగు పిట్టలు ఎన్ని పుడితే అన్నీ కలిసి తిరిగేవి. గుంపుకు ఇంత అని లెక్క ఉండేది కాదు. ఇప్పటిలా గోలా చేసేవి కావు.

ఆ రోజుల్లో ఆకాశానికి డేగే రాజు. తిండిపోతే గాని, తానంత న్యాయవంతుడు లేడని దాని గొప్ప. "ఊరికే మీదపడి తినే రకం కాదు నేను," అనేది. "ఏడాదికోసారి వస్తాను. గుంపును సమానమైన వరుసల్లో నిలబెడతాను. వరుసలు సరిపోతే ఒక వరుస నాది. ఒక్క పిట్ట మిగిలినా, తక్కువైనా నోరు కట్టుకుని వెళ్ళిపోతాను. ఒంటిపిట్టను వరుస అనను. అందర్నీ ఒకే వరుస కట్టించి మింగనూ మింగను." ఈ న్యాయానికి పిట్టలన్నీ దణ్ణం కూడా పెట్టాలట!

చుక్కి అనే పిట్ట ఉండే గుంపులో మొత్తం పద్నాలుగు పిట్టలు. డేగ వచ్చి రెండు వరుసలు కట్టించింది. ఇటు ఏడు, అటు ఏడు. ఒక వరుసను పట్టుకుపోయింది. చుక్కి వాళ్ళమ్మ ఆ వరుసలోనే ఉంది.

మిగిలింది ఏడుగురు అక్కచెల్లెళ్ళు. పెద్దది గంగులక్క, చిన్నది చుక్కి. మరుసటి ఏడాది డేగ రాగానే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. రెండేసి నిలబెడితే ఒకటి మిగిలింది. మూడేసి నిలబెట్టినా ఒకటి మిగిలింది. నాలుగేసి అంటే రెండో వరుసకు ఒకటి తక్కువైంది. ఐదేసి, ఆరేసి కూడా చూసింది. ఎలా కట్టినా సరిపోలేదు. డేగ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.

"ఏడుగురం ఉన్నంతకాలం మనకేం కాదే," అంది గంగులక్క. ఆ ఏడాదంతా చుక్కి కంటినిండా నిద్రపోయింది.

తర్వాత చుక్కి గుడ్డు పెట్టింది. ఒకే ఒక్క నీలం గుడ్డు. అక్కలెవరూ సంతోషించలేదు.

"పిల్ల బయటికొస్తే ఎనిమిది," అంది రెండో అక్క. "నాలుగూ నాలుగూ అవుతాం. నలుగురు పోతాం. గూట్లో దాచినా డేగ కంటికి కనబడకుండా ఉంటుందా? ఆ గుడ్డు తోసెయ్యవే."

"తొయ్యను," అంది చుక్కి, రెక్కలు కప్పుకుని. "ఇంకొకటి పెడతాను. తొమ్మిది అవుదాం."

"మూడేసి చొప్పున మూడు వరుసలు."

"పోనీ, పది?"

"ఐదూ ఐదూ. పదకొండైతే దేనికీ సరిపోదు. కానీ డేగ రావడానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఇంకో మూడు పిల్లల్ని ఎక్కణ్ణుంచి తెస్తావే తల్లీ?"

గంగులక్క ఎనిమిది రేగి గింజలు ఏరి నేల మీద పేర్చింది, చెరిపింది, మళ్ళీ పేర్చింది. రెండేసి సరిపోయాయి. నాలుగేసి సరిపోయాయి. చివరికి ఒక గింజను ముక్కుతో పక్కకు నెట్టి, మిగిలిన ఏడింటినీ లెక్కపెట్టింది.

మూడో రోజు పిల్ల బయటికొచ్చింది. బోడితల, ఇంతేసి నోరు. మొదటి పురుగు గంగులక్కే తెచ్చి పెట్టింది. "దీనికి ఎగరడం నేర్పేటప్పుడు తొందరపెట్టకే," అంది. పిల్లను చూసుకునే సంబరంలో చుక్కి ఆ మాట సరిగ్గా వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున డేగ వచ్చే వేళకు అందరూ గూటి పక్క కొమ్మ మీద చేరారు. చుక్కి లెక్కపెట్టింది. పిల్లతో కలిపి ఏడే. మళ్ళీ లెక్కపెట్టింది. గంగులక్క లేదు.

డేగ వాలింది. రెండేసి చూసింది, మూడేసి చూసింది. ఈసారి మాత్రం మొహం మాడ్చుకోలేదు.

"సరే, వెళ్ళొస్తా. ఇవాళ నాకంత ఆకలిగా కూడా లేదు. దారిలో ఒక ఒంటిపిట్ట దొరికింది. గుంపు వదిలేసిన దానికి వరుసలేమిటి?" అంది. దాని ముక్కుకు మట్టిరంగు ఈక ఒకటి అంటుకుని ఉంది.

పిల్ల బతికింది. అక్కలు బతికారు. చుక్కి గుండె మాత్రం పగిలిపోయింది. "అది మా అక్క ఈక కాదు! అక్క ఎక్కడో దాక్కుంది," అంటూ కిందికి దిగి ఒక ఎండుటాకు తిరగేసి చూసింది. ఇంకో ఆకు తిరగేసింది. "అక్కా! అక్కా!" అని అరిచింది. మిగతావాళ్ళూ దిగి అరుస్తూ వెతకసాగారు.

అప్పటినుంచే మట్టిరంగు పిట్టలు ఏడేసి కలిసి తిరుగుతాయి. పొద్దస్తమానం గోలగోలగా అరుస్తూ, నేల మీది ఎండుటాకుల్ని ఒక్కొక్కటే తిరగేస్తాయి. పురుగుల కోసమని మనం అనుకుంటాం. పురుగు దొరికితే తింటాయి, నిజమే. అక్క మాత్రం ఇంతవరకు దొరకలేదు.