దూదమ్మ మోసిన పడక

ఇప్పలకోన అడవిలో కుందేళ్ళు, ముళ్ళపందులు, కొండముచ్చులు ఇరుగుపొరుగుగా ఉండేవి. అక్కడ దూదమ్మ అనే కుందేలుకు పత్తి ఒక్కగానొక్క కూతురు. పత్తి పుట్టకముందే దూదమ్మ తన ఒంటి బొచ్చు పీకి, గడ్డితో కలిపి మెత్తటి పడక అల్లింది. ఆ పడకంటే ఆమెకు ప్రాణం.

వానలు మొదలయ్యాక పత్తికి దగ్గు పట్టుకుంది. పడుకుంటే చాలు, ఆయాసం. దూదమ్మ బెంగపడి కొండముచ్చు గంభీరయ్యను పిలిచింది.

గంభీరయ్య ఒకప్పుడు పంగల కర్ర పట్టుకుని తిరుగుతుంటే, అది వంగిన చోట నీటి ఊట దొరికింది. అప్పటినుంచి ఆ కర్రకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. మంచివాడే పాపం. "నాకు తెలియదు" అనడం మాత్రం ఆయనకు చేతకాదు.

దూదమ్మ బొరియ ముందు ఆయన చేతిలోని కర్ర కిందికి వంగింది.

"చూశావా అమ్మాయ్! భూమిలోంచి చెడ్డ కిరణాలు తన్నుకొస్తున్నాయి. వెంటనే ఇల్లు మార్చు!"

"నాకేమీ కనబడట్లేదే మామా?"

"నీకే కనబడితే ఇక నేనెందుకు?"

దూదమ్మ పడకను నోట కరుచుకుని కొత్త బొరియకు మారింది. దగ్గు తగ్గలేదు. అక్కడా కర్ర వంగింది. పత్తి చిక్కిపోయింది. చెవులు నిలబెట్టే ఓపిక కూడా లేదు.

"మా ఇంటికి రండే, చోటు బోలెడుంది" అంది ముళ్ళపంది సూరమ్మ.

"అమ్మో! అక్కడైతే కర్ర ఏకంగా నేలకే తగిలింది!" అన్నాడు గంభీరయ్య.

దూదమ్మ భయపడి మరో బొరియకు బయల్దేరింది. దారిలో కుండపోత వాన కురిసింది. పత్తి నడవలేక కూలబడింది. నోటితో మోయగలిగేది ఒక్కటే. దూదమ్మ పడకను ఒక బండ కింద పొడిచోట పెట్టి, బిడ్డను కరుచుకుని, దగ్గర్లో ఉన్న సూరమ్మ ఇంట్లోకి దూరింది.

"ఇక్కడ కిరణాలున్నాయటగా అత్తా!" అంటూ ఏడ్చింది.

"నా ముళ్ళకు దూరంగా పడుకోండి. ఇక్కడ అంతకంటే ప్రమాదమేం లేదు" అని నవ్వి, సూరమ్మ పొడి గడ్డి పరిచింది.

దూదమ్మ కునుకు తీయకుండా బిడ్డనే చూస్తూ కూర్చుంది. పత్తి హాయిగా నిద్రపోయింది. నాలుగు రోజులు గడిచేసరికి చెవులు నిక్కించి గెంతులు మొదలుపెట్టింది.

పడకను తెచ్చుకుందామని దూదమ్మ సూరమ్మతో కలిసి బండ దగ్గరికి వెళ్ళింది. ఎత్తి చూస్తే అడుగంతా ఎన్నాళ్ళనుంచో పేరుకున్న నల్లటి బూజు! వాసన చూడగానే ఉక్కిరిబిక్కిరిగా దగ్గొచ్చింది.

"ఇన్ని ఇళ్ళు మార్చాను. పడక మాత్రం మార్చలేదు అత్తా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బిడ్డ మీద ప్రేమతోనే మోశావు కదే. ఇక వదిలెయ్యి, కొత్తది అల్లుకుందాం" అంది సూరమ్మ.

ఆ దారినే గంభీరయ్య తుమ్ముకుంటూ వచ్చాడు. తన చెట్టు కిందా కర్ర వంగిందట. చెట్టు దిగి, వానలో ఆరుబయట పడుకుని జలుబు తెచ్చుకున్నాడు.

"ఇంతకీ కర్ర ఎక్కడ వంగలేదు మామా?" అని అడిగింది దూదమ్మ.

గంభీరయ్య ఆలోచించి తల గోక్కున్నాడు. "చెయ్యి నొప్పెట్టిందంటే... ఎక్కడైనా వంగుతుంది అమ్మాయ్" అన్నాడు చిన్న గొంతుతో.

దూదమ్మకు కోపం రాలేదు, జాలేసింది. ఆయనకు పొడి గడ్డి పరిచింది. మర్నాడు ఎండ కాసింది. ఆ పంగల కర్రను గంభీరయ్యే నేలలో పాతి, పత్తికి అల్లిన కొత్త పడకను దాని మీద ఆరేశాడు.

నీతి: కంటికి కనబడని కారణానికి భయపడి పరుగులు తీసేముందు, కళ్ళెదుట ఉన్నదాన్ని తిరగేసి చూడాలి.