కాకితో కుదిరిన విద్యల బేరం

కంప్యూటర్ మీద రాజ్యాల ఆట ఆడతారు కదా, నిజం చెప్పండి: పక్క రాజ్యానికి మీ విద్య ఒకటిచ్చి, వాళ్ళది ఒకటి పుచ్చుకుని, తెర మీద వాళ్ళ రాజు నవ్వగానే "హమ్మయ్య, స్నేహం కుదిరింది" అని మీలో ఎంతమంది మురిసిపోయారు? ఎత్తిన చేతులు దించకండి. ఈ కథ మీకే.

దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాడి పిట్టల గూళ్ళు వేలాడుతుండేవి. వాటిలో సూరమ్మ గూడు వేరు. బయటికి కనిపించే గది ఉత్తది. గుడ్లుండే గదికి దారి వెనక, గడ్డిపోచల మడత కింద. చెట్టెక్కిన పాము ఖాళీ గదిలో తల దూర్చి, తిట్టుకుంటూ దిగిపోయేది. ఆ అల్లిక సూరమ్మకొక్కదానికే తెలుసు.

సూరమ్మ భయమల్లా గాలివానకే. పోయినేడు గూడు తెగి బావిలో పడింది. ఈసారి గూట్లో గుడ్లున్నాయి.

అది కనిపెట్టి కాకి కోటయ్య వచ్చి వాలాడు. "పిన్నీ, గాలివానను ముందురోజే పసిగట్టే విద్య నా దగ్గరుంది. కావాలా?"

"ఊరికే ఇచ్చే మొహమేనా నీది? ఏం కావాలో చెప్పు."

"నీ అల్లిక. ముందు గది, వెనక గది, మొత్తం."

"నేర్చుకుని నా గుడ్లు మింగుదామనా?"

"ఛ ఛ! నీ గూటి మీద ముక్కు పెడితే నా రెక్కలు విరిగిపోవాలి. ఒట్టు!"

కింది కొమ్మ మీదున్న ఉడుత బంగారి ఆగలేకపోయింది. "వదినా, వాడు బావి చుట్టూ అందరితోనూ బేరాలాడతాడు. జెర్రిపోతు పాముతో కూడా! ముందు ఆ సంగతి తేల్చుకో."

"నా బేరం కాకితో. జెర్రిపోతుతో నాకేం పని?"

"నీకు దాంతో పని లేదు, సరే. దానికి నీతో ఉంటే?"

సూరమ్మ వినలేదు. అల్లిక నేర్పింది. పడమటి గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కితే మర్నాడు గాలివానేనని కోటయ్య చెప్పాడు.

చెప్పినట్టే వచ్చింది. సూరమ్మ ముందే ఈతనారతో గూడు బిగించుకుంది. చెట్టు ఊగింది, గూడు నిలిచింది.

"చూశావా బంగారీ, నా బేరం!"

"చూశాను. ఆ విద్య నాకూ చెప్పాడులే, ఒక్క జామపండుకి."

"ఒక్క జామపండుకా?"

ఆ మాట నోట్లో ఉండగానే జెర్రిపోతు చెట్టెక్కింది. ముందు గదిని కన్నెత్తి చూడలేదు. వెనక్కి జారి, సొంతింటి తలుపు తీసినట్టు గడ్డి మడత ఎత్తి, లోపలికి పోయింది. సూరమ్మ అరిచిన అరుపుకు బావి మారుమోగింది. జెర్రిపోతు తీరిగ్గా దిగిపోయింది. గూడు చెక్కుచెదరలేదు. గుడ్లు లేవు.

కాకి వచ్చి వాలగానే సూరమ్మ నిలదీసింది. "ఒట్టేశావు కదరా కోటయ్యా!"

"తప్పానా పిన్నీ? నీ గూటి మీద ముక్కు పెట్టలేదే! జెర్రిపోతు నాకు ఎలుకల బొరియలెక్కడున్నాయో చెప్పింది, నేను నీ అల్లిక చెప్పాను. నీ మీద నాకు కోపమేమీ లేదు. మన స్నేహం మనదే." కాకి మెడ వంచి ఖాళీ గూట్లోకి చూశాడు. "అన్నట్టు, కొత్తగా ఏమైనా అల్లుతున్నావా?"

సూరమ్మ వాడి కళ్ళలోకి చూసింది. పగతో చేసుంటే తిట్టేది. పొరపాటున చేసుంటే ఏడ్చేది. ఆ కళ్ళలో పగ లేదు, జాలి లేదు. ఎవరేమిస్తే ఎవరికేమివ్వాలి, ఆ లెక్కొక్కటే ఉంది.

ఒకరి చేతిలో పెట్టిన విద్య, వాళ్ళతో బేరమాడే ప్రతివాడి చేతిలోనూ పెట్టినట్టే.

అందుకే చెబుతున్నాను: ఈసారి తెర మీది రాజు నవ్వుతూ చెయ్యి చాపితే వెంటనే ఒప్పుకోకండి. అతగాడి రెండో చెయ్యి ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి.