పాతబడిందని చెప్పిందెవరు?

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున మనిషెత్తు పుట్ట. అందులో లక్షల చెదపురుగులు కాపురం ఉండేవి. పాము కథ కాదు భానూ, అలా ముడుచుకోకు. తాతకు క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో ఉంటే నడుముకు స్కాన్ ఎందుకని పొద్దున అడిగారు కదా, అదే చెబుతున్నాను. ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేసేదాకా నాకూ కుదురుండదు.

పుట్ట పైన గాలిగదులు ఉండేవి. పుట్ట ఊపిరి పీల్చేది అక్కడే. నడుమ ఒక మట్టి స్తంభం. బరువంతా దానిమీదే. దాన్ని ఆనుకునే గుడ్ల గది. కరువుకాలంలో పనికొస్తుందని ఆ స్తంభం మట్టిలో తిండి కూడా కలిపి మెత్తేవారు.

స్తంభం పని ఇద్దరిది. మెత్తమ్మ కొత్త మట్టి మెత్తేది. కొరుకయ్య పాత మట్టి కొరికి తీసేవాడు. మెత్తమ్మ "పాతబడింది" అంటేనే కొరుకయ్య నోరు పెట్టేవాడు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని తిరిగి అడిగే అలవాటు ఆ పుట్టలో లేదు. కొరికినంతా మెత్తేవారు. స్తంభం చెక్కుచెదరకుండా నిలబడేది.

ఇంతలో అడవిలో ఎవరో బొగ్గుల బట్టీ పెట్టారు. రోజూ పొగ గాలిగదుల్లోకి దూరేది. ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చి, అక్కడి చెద ఒకడికి బుర్ర చెడింది. వాడు ఒకడు ఇద్దరయ్యాడు. ఇద్దరు నలుగురయ్యారు. "చాలు, ఆగు" అని ఎవరు చెప్పినా ఆగడు. వాడి పేరే ఆగడు అయిపోయింది.

గది చాలక ఆగడు గోడ సందులోంచి జారి, నీళ్లు మోసే దారిలో పడ్డాడు. వాడితో బయల్దేరినవాళ్లలో చాలామంది దారిలోనే చచ్చారు. వాడు మిగిలాడు. కాపలా చెద మీసాలతో వాడి ఒళ్లంతా తడిమింది. పుట్ట వాసనే తగిలింది.

"మనవాడే" అని వదిలేసింది.

మనవాడే మరి. ఈ పుట్టలోనే పుట్టాడు. నాకు భయమేసేది అక్కడే.

ఆగడు వచ్చి స్తంభం మూలలో దాక్కున్నాడు. వాడికి ఆకలి. తిండేమో మట్టిలో ఉంది. అంత గట్టి మట్టిని కొరికే పళ్లు కొరుకయ్యకే ఉన్నాయి. అందుకని మెత్తమ్మ చెవిలో గుసగుసలాడాడు.

"అక్కా, ఈ పక్క పాతబడింది."

మెత్తమ్మ చేతినిండా పని. తలెత్తకుండానే "పాతబడింది" అని కేకేసింది. కొరుకయ్య కొరికాడు. మట్టిలోని తిండి రాలింది. ఆగడు తిని పదిమంది అయ్యాడు.

"అక్కా, ఆ పక్క కూడా పాతబడింది."

మెత్తమ్మ మళ్లీ కేకేసింది. కొరుకయ్య మళ్లీ కొరికాడు. పదిమంది వందమంది అయ్యారు. కొరుకయ్య మనసు కీడు శంకించింది.

"మెత్తమ్మా, ఈమధ్య నేను తీసేది ఎక్కువ, నువ్వు పెట్టేది తక్కువ. స్తంభం డొల్ల మోత మోగుతోంది."

"వానలొస్తున్నాయి. మాటలు తర్వాత, పని కానివ్వు" అంది మెత్తమ్మ.

ఆకాశం ఉరిమింది. స్తంభం కిర్రుమంది. మూడోసారి కేక వినిపించింది, "పాతబడింది!"

కొరుకయ్య నోరు పెట్టి, ఠక్కున తీసేశాడు. పెదవులకు తడి తగిలింది.

"ఇది నిన్న నువ్వు మెత్తిన మట్టి. ఇంకా ఆరనే లేదు. పాతబడిందని నీకెవరు చెప్పారు?"

మెత్తమ్మ పని ఆపి తలెత్తింది. "ఎవరో... మనవాడే చెప్పాడు. నేను చూడలేదు."

ఇద్దరూ మూల వైపు చూశారు. వందమంది నోళ్లు తెరుచుకుని ఉన్నారు.

"కానివ్వు అన్నా. మనవాళ్లమే కదా" అన్నాడు ఆగడు.

"మనవాడివే. ఇక్కడ నీకేం పని?" అని అడిగాడు కొరుకయ్య. ఆ పుట్టలో ఒకరినొకరు అలా అడగడం అదే మొదలు.

ఇక కొరకనని కొరుకయ్య నోరు మూసుకున్నాడు. తిండి రాలడం ఆగింది. కానీ ఆ సాయంత్రమే వాన పడింది. డొల్లబడిన పక్క విరిగింది. గుడ్ల గది సగం కూలింది. మెత్తమ్మ ఏడుస్తూనే మట్టి మెత్తింది. మిగతా సగం నిలిచింది. తిండిలేక ఆగడి గుంపు చిక్కిపోయింది కానీ, మూల వదిలి పోలేదు. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఒక కన్ను అటే వేసి పనిచేస్తున్నారు.

మన ఎముకల్లోనూ కొరికేవాళ్లు, మెత్తేవాళ్లు ఉంటారు పిల్లలూ. తాత ఊపిరితిత్తుల్లోని ఆగడు నడుం ఎముకదాకా వచ్చాడేమో చూడటానికే ఆ స్కాన్. తాత రెండు నెలలుగా నడుం పట్టుకుని లేస్తున్నారు. ఏమైందని అడిగితే, "ఏముందమ్మా, నడుం పాతబడింది" అనేవారు. నేనూ సరే అనుకున్నాను. ఒక్కసారైనా తిరిగి అడగలేదు.

చైతూ, ఫోన్ మోగుతోంది. ఇలా ఇవ్వు నాన్నా.

నీతి: "పాతబడింది" అని ఎవరన్నా, ఆఖరికి మన నొప్పి గురించి మనమే అన్నా, ఒకసారి తాకి చూసి, తిరిగి అడగాలి.