చాప పక్కన కుర్చీ

ఆ ఏడు మూడోసారి మోకాలికి ఇంజెక్షన్ వేయించుకోవాలా వద్దా అన్నది హైమవతికి తేలలేదు. తేలకనే విజయనగరంలో తన వీణ గురువు సోమయాజులు గారి ఇంటికి వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. ఆయనకు ఎనభై మూడు.

మూడు వారాల్లో విజయదశమి. ఆ రోజు శిష్యులందరూ గురువు ఎదుట ఒకే చాప మీద వరసగా కూర్చుని వాయించడం ఆ ఇంటి ఆచారం. రెండు గంటలు కాళ్లు మడిచి, ఎడమ తొడ మీద వీణ బుర్రను ఆనించుకుని కూర్చోవాలి. నలభై ఏళ్లలో ఆమె ఒక్క ఏడూ మానలేదు.

గుజ్జు అరిగిన ఎడమ మోకాలు ఇప్పుడు మడత పడడం లేదు. మొదటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయిదు నెలలు పనిచేసింది. రెండోది రెండు నెలలైనా నిలవలేదు. అప్పుడప్పుడూ అయితే పరవాలేదని, ఇంత తరచుగా వేస్తే మిగిలిన గుజ్జు మరింత త్వరగా అరగవచ్చని, పదేళ్లకు ఏమవుతుందో తాను కచ్చితంగా చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఆగమన్నాడు. అడిగితే వేసే మరో డాక్టరు ఊళ్లోనే ఉన్నాడు.

అంతా విని గురువుగారు అడిగారు. "నొప్పి తగ్గిన రోజుల్లో కాలికి విశ్రాంతి ఇచ్చావా?"

హైమవతి నవ్వింది. "ఎక్కడండీ? నొప్పి లేదు కదా అని రోజూ ఇంకో గంట ఎక్కువ కూర్చున్నాను."

ఆయన నవ్వలేదు. అంతగా నేల మీదే కూర్చోవాలని ఎందుకు పట్టుదల అన్నారు.

"మీరే కదా అన్నారు గురువుగారూ. గవర్రాజుతో."

గవర్రాజు ఆమెతోపాటు నేర్చుకున్నవాడు. సైకిలు మీంచి పడి కాలు బిగుసుకుపోయాక, కుర్చీలో కూర్చుని వాయిస్తానని ప్రాధేయపడ్డాడు. నేల మీద కూర్చోలేనివాడికి వీణ ఎందుకని గురువుగారు అందరి ముందూ అన్నారు. అతడు వీణకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పందొమ్మిదేళ్ల హైమవతి ఆనాడు చాప మీద ఇంకాస్త నిటారుగా సర్దుకుని కూర్చుంది.

గురువుగారు తన వేళ్ల కాయల వైపు చూసుకున్నారు.

"పండుగ దాకా ఆగమ్మా."

పండుగ కోసమే కదా ఈ ఇంజెక్షన్ అనుకుంది ఆమె. కానీ ఎదురు చెప్పలేదు. వేయించుకోనూ లేదు.

విజయదశమి నాడు చేతికర్రతో వచ్చింది. వీణ తేలేదు. గోడకు ఆనుకుని వింటే చాలుననుకుంది. జీవితంలో ఇక వినడమే మిగిలిందా అని దారిపొడవునా ఆలోచిస్తూనే వచ్చింది.

గదిలో ఎప్పటి చాపే పరిచి ఉంది. దాని పక్కన రెండు కుర్చీలు, ఒక్కొక్క కుర్చీ ముందు ఒక పొట్టి బల్ల. గురువుగారు వెళ్లి ఒక కుర్చీలో కూర్చున్నారు. తన వీణను బల్ల మీద పెట్టించుకుని వర్ణం మొదలుపెట్టారు.

పొద్దున పూజలో గంటసేపు బాసింపట్టు వేసుకున్న మనిషికి ఇంతలో ఏమైందని ఒక శిష్యురాలు పక్కామె చెవిలో గొణిగింది.

అలవాటు లేని ఎత్తు. వేలికి మెట్టు అందక స్వరం రెండుసార్లు జారింది. అరవై ఏళ్లలో ఆ చేతి నుంచి అటువంటి తప్పు విన్నవాళ్లు ఆ గదిలో లేరు. ఆయన ఆగలేదు. ఒకసారి బల్లను కొద్దిగా ముందుకు జరిపించుకుని, వర్ణం చివరిదాకా వాయించి లేచారు.

"రా అమ్మా. ఎత్తు సరిపోయింది."

హైమవతి కదలలేదు. "మీరు పెట్టిన నియమం, గురువుగారూ."

"ఆ మాట నాది. మోకాలు నీది."

ఆమె వెళ్లి కూర్చుంది. గురువు వీణ మీద చేయి వేయడం అదే మొదటిసారి. మడవనక్కరలేదన్న సంగతిని ఆమె కాలు వెంటనే నమ్మలేదు. కాసేపటికి దానంతట అదే చాచుకుంది.

రెండో కుర్చీ ఖాళీగా ఉంది. అది ఎవరిదో చెప్పనక్కరలేకపోయింది. తీగలు శ్రుతి చేస్తూ ఆమె తలెత్తి చూసింది. చాప మీద చివరి చోట కూర్చున్న గురువుగారు గుమ్మం వైపు చూస్తున్నారు.