రాజుగారి విత్తనాల మూట

ఒకానొక రాజ్యం ఉండేది. పేరు చెప్పను లెండి, చెబితే మీరు వెతకడం మొదలెడతారు. వాన ముఖం చాటేసిన చోట, ఏలేవాడు మీసం మెలేస్తూ కూర్చున్న చోట, అక్కడే ఉందనుకోండి. దాన్ని రణభీమ భూపాలుడనే రాజు ఏలుతుండేవాడు. యుద్ధానికి వెళ్ళిన పాపాన పోలేదు గానీ, ఆయన బిరుదులు చదవడం మొదలెడితే వందిమాగధుల గొంతులు ఎండిపోయేవి.

ఆ రాజ్యంలో వరసగా కరువులొచ్చాయి. చెరువుకట్టలు తెగి ఎన్నేళ్ళయిందో, బాగుచేసినవాడు లేడు. పల్లెల్లో జనం అడవి దుంపలు తవ్వుకు తింటున్నారు. అప్పుడు రాజుగారికి దయ పుట్టింది. పుట్టక పుట్టక పుట్టిన దయ, ఊరికే ఉంటుందా! ఇంటికో మూట చొప్పున జొన్న విత్తనాలు పంచమన్నాడు. ప్రతి మూట మీదా తన ముద్ర వేయించి, ఊరూరా దండోరా కొట్టించాడు.

"ఇక నా రాజ్యంలో పేదవాడంటూ ఉండడు!" అని నిండు సభలో తొడ చరిచాడు.

పంట చేతికొచ్చేదాకా ఆ జనం ఏం తింటారని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన నాగదేవ మంత్రి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తీరా చూస్తే వాన రాలేదు. విత్తనాలు కుండల్లోనే ఉండిపోయాయి. కొన్నాళ్ళకి ఎర్రబయలు అనే ఊరి నుంచి భటులు ఒకామెను పట్టుకొచ్చారు. పేరు ఓబులమ్మ. మొగుడు పోయిన రైతుమనిషి. రాజుగారి విత్తనాలు వండి తిన్నదని నేరం.

రాజు మండిపడ్డాడు. "విత్తమని ఇస్తే మింగుతారా! సోమరిపోతులు! ఈమె చేను ఖజానాలో కలిపేయండి. కొడుకుతో సహా పొలిమేర దాటించండి. అంతకుముందు నేనే వెళ్ళి, ఆ చేలోనే, నా చేత్తో విత్తుతాను. విత్తనంతో ఏం చేయాలో ఈ మూర్ఖులు కళ్ళారా చూడాలి."

సభలో కాటమయ్య ఉన్నాడు. ఆస్థాన హాస్యగాడు. అతనూ జొన్నచేల మధ్య పుట్టినవాడే. నవ్విస్తూ నవ్విస్తూ ఉంటే ఏదో ఒకనాటికి మంచిమాట కూడా రాజుగారి చెవికెక్కుతుందని ఆశపడి కొలువులో చేరాడు. జుట్టు నెరిసింది, ఆశ చచ్చిపోయింది, నవ్వించడం మాత్రం మిగిలింది.

ఆ సాయంత్రం అతను చెరసాలకి వెళ్ళాడు. "ఎందుకు తిన్నావు తల్లీ?" అని అడిగాడు.

"తినకుండా దాచిపెడితి సామీ," అంది ఓబులమ్మ. "బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి పేడ మెత్తి అటక మీద పెట్టినా. వానొస్తాదని చూస్తా ఉంటి. నా కూతురు ఆ కుండ తట్టు చూసి, 'అమ్మా, గుప్పెడు కాచిపోయవే' అనె. విత్తనం ముట్టుకోకూడదే అంటి. రోజూ అడిగె, రోజూ అదే చెబితి. ఆ పిల్లను మన్నులో పెట్టి ఇంటికొచ్చేసరికి, చిన్నోడు కూడా నోరు తెరుచుకుని పడుకోనుండె. అప్పుడు పగలగొట్టినా కుండ."

కాటమయ్య ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు.

"బిడ్డను పోగొట్టుకుని విత్తనం కాపాడినా సామీ. ఆ తప్పుకి ఏ శిక్ష వేసినా పడతా. పిల్లోడిని మాత్రం పొలిమేర దాటించొద్దని చెప్పు. వాడు నడవలేడు."

జీవితమంతా మాటలమ్ముకుని బతికిన మనిషి బయటికొచ్చి గోడవారన కూలబడి ఏడ్చాడు.

మర్నాడు సభలో మళ్ళీ నవ్వుముఖం తగిలించుకున్నాడు. "ప్రభూ, ఎర్రబయలుకి తమతో వంటబండ్లు కూడా వస్తున్నాయట?"

"రావా మరి? నేనేమన్నా కూలివాడినా?"

"అదే చిక్కు. రాజుగారు వెండిపళ్ళెంలో భోంచేసి విత్తారు, అదేం గొప్ప అంటారు జనం. వాళ్ళ నోళ్ళు పాడుగాను! తమరు రైతుకిచ్చింది ఒక్క విత్తనాల మూటే కదా. ఆ మూట ఒక్కటే పట్టుకుని వెళ్ళి, చేలో మకాం వేసి, వాన పడగానే విత్తి వస్తే? అప్పుడెవడికి నోరు లేస్తుంది?"

రాజు మీసం మీద చెయ్యి వేశాడు. "అదెంత పని! విత్తేదాకా ఆ చేను విడిచి కదలను. ఇది నా ప్రతిజ్ఞ."

వందిమాగధులు అక్కడికక్కడే ప్రతిజ్ఞ మీద పద్యం కట్టేశారు. ఇక వెనక్కి తగ్గితే పరువుండదు. పున్నమి నాడు మధ్యాహ్నానికల్లా కుండపోతగా వాన పడుతుందని జ్యోతిష్కుడు కూడా ధైర్యం చెప్పాడు.

పున్నమి వచ్చింది. నాగలి కట్టి తొలిసాలు దున్నే ఏరువాక పండగ అది. రాజు, మంత్రి, కాటమయ్య, వందిమాగధులు, పిడికెడు మంది భటులు ఎర్రబయలు చేరి ఓబులమ్మ చేలో డేరా వేశారు. సంకెళ్ళతో ఆమెనీ తీసుకొచ్చారు. ఊరి జనం గట్ల మీద కూర్చుని చూస్తున్నారు. జేజేలు కొట్టమని భటులు గదిమితే, పెదాలు కదిలాయి గానీ గొంతులు లేవలేదు.

మధ్యాహ్నం దాటింది. మబ్బు తునక లేదు. పొద్దు వాలేసరికి రాజుగారి కడుపు నకనకలాడింది. అంతలో నాగదేవ మంత్రి అటు తిరిగి ఏదో నములుతూ దొరికిపోయాడు. తలపాగాలో నువ్వుండలు దాచుకొచ్చాడు మహానుభావుడు. రాజు వాటిని లాక్కుని ఒక్కటి కూడా మిగల్చకుండా తినేశాడు.

రెండో రోజూ అదే ఎండ. రాజు భటులను ఊళ్ళోకి తరిమాడు. వాళ్ళు ఇల్లిల్లూ గాలించి వట్టి చేతులతో వచ్చారు.

"ఊరంతా వెతికినా ఏమీ లేదా?"

"కుండలన్నీ బోర్లించే ఉన్నాయి ప్రభూ."

"మరి వీళ్ళేం తింటున్నారు?"

రాజు గట్ల మీద కూర్చున్నవాళ్ళకేసి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

సాయంత్రానికి ఆయనకి కళ్ళు బైర్లు కమ్మాయి. "ఆ మూట విప్పండి," అన్నాడు.

మంత్రి కంగారుపడ్డాడు. "ప్రభూ, అది విత్తనం!"

"పేగులు మాడిపోతుంటే విత్తనమేమిటయ్యా! వండించు!"

భటుల్లో వంట వచ్చినవాడు లేడు. ఓబులమ్మ సంకెళ్ళు విప్పి ఆమె చేతే వండించారు. జొన్నలు కడిగి, తిరగలిలో విసిరి, ముద్దగా గటక కాచింది. కుండలో ఉడుకుతున్నంతసేపూ ఆమె ఏడుస్తూనే ఉంది. పొగ అనుకున్నారు అందరూ.

పురుగు పట్టకుండా రాజుగారి కొట్లోనే కలిపి ఉంచారేమో, కడిగినా బూడిద వాసన పోలేదు, వేప చేదు వదల్లేదు. అయినా రాజు రెండు చేతులతో తిన్నాడు. "ఆహా, అమృతం!" అన్నాడు. భటులూ, వందిమాగధులూ విరుచుకుపడి మూటంతా ఖాళీ చేశారు. కాటమయ్య తన ఆకు మాత్రం తీసుకెళ్ళి, గట్టు మీద ఒక ముసలమ్మ ఒడిలో పడుకున్న ఓబులమ్మ కొడుకు ముందు పెట్టాడు.

రాజు ఆకు నాకుతుండగా పడమట ఉరిమింది. చూస్తుండగానే మబ్బు కమ్ముకొచ్చి దబదబా వాన మొదలైంది. వందిమాగధులు అలవాటు కొద్దీ అరిచారు, "విత్తండి మహారాజా! విత్తండి!"

కాటమయ్య మూటను రెండు చేతులా పట్టుకొచ్చాడు. "నేల పదునైంది ప్రభూ. విత్తండి."

రాజు చెయ్యి లోపల పెట్టాడు. బూడిద తగిలింది.

"ఇంకొక్క మాట," అన్నాడు కాటమయ్య, మూట కింద పెట్టి చేతులు కట్టుకుని. "విత్తనం తిన్నవాళ్ళని పొలిమేర దాటించమని తమరి తీర్పు. తమరిని ఏ పొలిమేర దాటించమంటారు ప్రభూ? తూర్పుదా, పడమటిదా?"

"ఎంత పొగరు!" అని మంత్రి కత్తి దూశాడు. ఓబులమ్మ గట్టు మీదికి పరుగెత్తి కొడుకుని దగ్గరికి లాక్కుంది.

రాజు తన గోళ్ళలోని బూడిదకేసి చూసుకున్నాడు. తర్వాత పకపకా నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఓరి నీ దుంప తెగ! రెండు రోజులకే నా చేత తినిపించావు కదరా!"

నవ్వు ఆగాక అన్నాడు: "ఆమెను వదిలేయండి. చేను ఆమెదే. మళ్ళీ విత్తనాలు పంపండి, పంట వచ్చేదాకా ఆ ఇంటికి తిండిగింజలు కూడా పంపండి." మెడలోని ముత్యాలహారం తీసి కాటమయ్య మెడలో వేశాడు. "అడుగు, ఇంకేం కావాలి?"

కాటమయ్య బురదలో మోకరిల్లాడు. చచ్చిందనుకున్న ఆశ మళ్ళీ లేచింది. "ఈమెకిచ్చిందే అందరికీ ఇవ్వండి ప్రభూ. విత్తనంతో పాటు పంట దాకా తిండి. తెగిన చెరువుకట్టలు పోయించండి, ఆ కూలి ఈ జనానికే దక్కనివ్వండి. ఈ హారం కూడా నాకొద్దు."

"అందరికా!" రాజుకి మళ్ళీ నవ్వొచ్చింది. "ఒక్క చమత్కారానికి ఖజానా అంతా కుమ్మరించమంటావా? ఈమె కోసం నవ్వించావు, ఈమెను ఇచ్చేశాను. మిగతావాళ్ళ కోసం ఇంకోటి ఆలోచించుకుని రా."

పల్లకీ ఎక్కుతుంటే మంత్రి వంగి చెప్పాడు, "వచ్చే ఏడు విత్తనాల్లో ఇంకాస్త చేదు కలిపిద్దాం ప్రభూ. ఇక నోట పెట్టలేరు."

"భేష్!" అన్నాడు రాజు.

వాన పడుతూనే ఉంది. ఎన్నాళ్ళకో వచ్చిన వాన. ఊరి జనం గట్లు దిగి, ఎవరి చేలోకి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. వాన పడితే ఇంట్లో ఉండలేని అలవాటు అది. దొరికిపోయింది ఓబులమ్మ ఒక్కతే గానీ, రాజుగారి గింజలు అందరి ఆకలికీ ఎప్పుడో అయిపోయాయి; విత్తడానికి ఎవరి దగ్గరా గింజ లేదు. ఊరికే తడుస్తూ నిలబడ్డారు.

ఓబులమ్మ కొడుకుని చంకనేసుకుని వచ్చింది. "మమ్మల్ని బతికిస్తివి సామీ. వీళ్ళ కోసం కూడా ఇంకోసారి రాజుగారిని నవ్వించు. నీకు పుణ్యముంటాది."

కాటమయ్య సరేనని తలూపి, పల్లకీ వెనకే నడిచాడు. నవ్వొచ్చే సంగతి ఒక్కటైనా దొరుకుతుందేమోనని దారి పొడవునా ఆలోచించాడు. ఒక్కటీ తట్టలేదు.

కథ కంచికి చేరిందని అబద్ధం చెప్పలేను. అది ఆ కోటదారిలో ఇంకా నడుస్తూనే ఉంది. మనం మాత్రం ఇళ్ళకి పోదాం పదండి, అన్నాల వేళయింది.