తీతువు చూపిన కబుర్ల దారి

అనగనగా అని చెప్పుకునే కాలంలో, ఒక కొండవాగు నడుమ పచ్చని లంక ఉండేది. జింకల రాజు ధవళశృంగుడు తన మందతో అక్కడే మేసేవాడు. కొండ మీద వాన పడితే చాలు, వాగు ఉన్నట్టుండి పొంగేది. అందుకని రాజు వాగు పొడుగునా పిట్టలను కాపలా పెట్టాడు.

"నీళ్లు పెరిగితే అందరూ నెమలికి చెప్పండి. నెమలి నాకు చెబుతుంది" అన్నాడు.

మొదటి వరదకు నెమలి కూత ఖంగున మోగింది. మంద గట్టెక్కింది.

రెండో వరదకు పిట్టలన్నీ ఒక్కసారే నెమలి మీద పడ్డాయి. అందరికీ బదులు చెప్పి చెప్పి దాని గొంతు బొంగురుపోయింది. కబురు ఆలస్యమైంది. ఒక జింకకూన కొట్టుకుపోబోయి, తుంగ దుబ్బు అడ్డుపడి బతికింది.

ఎగువ గులకరాళ్ల మీద కాపలా ఉండే ముసలి తీతువు గవ్వమ్మకు ఆనాటి నుంచి తిండి సయించలేదు. ఈమధ్య ఆమెకు మతిమరుపు. 'రేపు నేనే మరిచిపోతే ఆ కూనల గతేమిటి?' అని దిగులు. ఆ దిగులుతోనే రాజు దగ్గరికి వెళ్లింది.

"రాజా, మా పిట్టలకు పొద్దస్తమానం కబుర్లే. ఎవరికి ఎవరితో నేస్తమో రోజూ చూస్తున్నాను. వరద కబురునూ ఆ దారినే పోనివ్వండి. ఎవరికి వారు తమ నేస్తాలిద్దరికి చెబితే చాలు."

"చిలకలకూ గోరింకలకూ మాటల్లేవు కదా?" అన్నాడు రాజు.

"లకుముకిపిట్ట ఇద్దరి ఇళ్లకూ వెళుతుంది. దానికి వేరే పని చెప్పకండి. గొంతు దాచుకోనివ్వండి."

నెమలి నవ్వింది. "నిన్న ఏం తిన్నావో గుర్తుందా, అవ్వా?"

"లేదు నాయనా. అందుకే ఇద్దరికి చెప్పమంటున్నాను."

రాజు సరేనన్నాడు.

మూడో వరద వచ్చింది. గవ్వమ్మ ఎర్రనీళ్లు చూసింది. పక్కనున్న మద్దిచెట్టు మీది చిలకకు చెప్పింది. రెండో నేస్తం ఎవరో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

చిలక లకుముకికి చెప్పింది. లకుముకి గోరింకలకు చెప్పింది. వాటిలో ఒకటి లంకకు ఎగిరింది, ఇంకొకటి గవ్వమ్మ దగ్గరికే రొప్పుతూ వచ్చింది.

"అవ్వా, వరదొస్తోంది, విన్నావా?"

గవ్వమ్మ దిగువకు చూసింది. జింకలన్నీ గట్టు మీద ఉన్నాయి. కూనలు ఒళ్లు దులుపుకుంటున్నాయి.

"ఇప్పుడే విన్నాను తల్లీ" అంది, కళ్లు తుడుచుకుంటూ.

భారమంతా ఒక్కరి మీదే వేస్తే బలవంతుడైనా అలసిపోతాడు. నేస్తాలు పంచుకుంటే ఒకరి మరుపు వల్ల ఎవరికీ ముప్పు రాదు.