రాడ్డు మీద నంబరు

పాత డీజిల్ షంటింగు ఇంజను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా జోగారావు మాస్టారు ముందుగా చేయించే పని ఒకటుండేది. ఇంజను మీద పేరూ నంబరూ ఉన్న పలక కనబడితే దానికి గోనెగుడ్డ కట్టించేవారు. యార్డుల్లో పెట్టెల్ని అటూ ఇటూ నెట్టే ఈ చిన్న ఇంజన్లు ఒకచోట స్థిరంగా బతకవు. రేవులో కొన్నాళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి, చివరికి ఏ చక్కెర మిల్లులోనో మూలపడతాయి. వెళ్ళిన చోటల్లా రంగు మారుతుంది, పై రేకులు మారతాయి, ఒకదాని పలక ఇంకోదానికి ఎక్కుతుంది. పలక చదివి ఇంజను జాతి చెప్పడం శుభలేఖ చదివి పెళ్ళికూతురి గుణం చెప్పడంలాంటిదని మాస్టారు అనేవారు. ఇంజను బలం చక్రానికి ఏ దారిన చేరుతోంది? గేర్లతోనా, నూనె ఒత్తిడితోనా, కరెంటుతోనా? అది తేలాకే మిగతా మాటలు.

మాస్టారు వాల్తేరు లోకోషెడ్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎక్కడ పాత ఇంజను దొరికినా, అది దాచదగ్గదో కాదో తేల్చమని రైల్వే మ్యూజియం వాళ్ళు ఆయన్నే పిలిచేవారు. ఈ విద్య నేర్చుకోవడానికి ఆయన వెంట తిరిగేవాళ్ళలో త్రినాథ్ అందరికన్నా పాత శిష్యుడు. నిజం చెప్పాలంటే మంచి శిష్యుడు కూడా. మాస్టారు చెయ్యి చాచకముందే టార్చి అందించేవాడు, ఆయన మరిచిపోయిన సంగతి తాను గుర్తుచేసేవాడు. కొత్తగా ఎవరైనా చేరితే మొదటి పాఠాలు చెప్పే భారం కూడా అతనిదే. అలా అతని దగ్గరే ఓనమాలు దిద్దుకుంది నూకరత్నం. అందరూ రత్నం అంటారు. ఆమె వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, మాస్టారు ఇంజను చుట్టూ తిరిగి వచ్చి "ఏమ్మా రత్నం, నువ్వేమంటావు?" అని ముందు ఆమెనే అడగడం మొదలుపెట్టారు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని వెంట తిరిగేవాళ్ళలో ఎవరో నవ్వుతూ అన్నారు. ఆ రోజు త్రినాథ్‌కి అన్నం సయించలేదు. ఆమె తప్పు చెప్పాలని మొక్కుకునే స్థితికి వచ్చాడు పాపం.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక మాస్టారినే అడిగేశాడు. "ఇన్నేళ్ళు మీ వెనకే తిరిగాను. ఆమెకి కనబడేది, నాకు కనబడనిది ఏముందండీ?"

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఒక మూతపడ్డ చక్కెర మిల్లుకు తీసుకెళ్ళారు.

అక్కడ పాత పట్టాల మీద రెండు షంటింగు ఇంజన్లు నిలబడి ఉన్నాయి, ఒకటి గోడ వైపు, ఒకటి గేటు వైపు. రెండింటికీ ఒకటే ఆకుపచ్చ రంగు, ఒకే తీరు పై రేకులు. పలకలు ఏనాడో పోయాయి. డ్రైవరు కూర్చునే క్యాబుల్లోని పెడళ్ళూ లీవర్లూ దొంగలు పీక్కుపోయారు. ఆ రెండింటిలో ఒకటి గేర్లతో నడిచే తొలినాటి రకమనీ, అలాంటివి ఇప్పుడు ఎక్కడో గాని లేవనీ, రెండోది తర్వాత వచ్చిన నూనె ఒత్తిడి రకమనీ మాత్రం తెలుసు. మ్యూజియానికి పాతది కావాలి. రెండోదాన్ని తుక్కు కింద కొన్నవాళ్ళు గ్యాస్ కటింగు సరంజామాతో అప్పటికే వచ్చి కూర్చున్నారు. మాస్టారు సంగతి సూటిగా చెప్పేశారు. తన కళ్ళకి శుక్లాలు కమ్ముకున్నాయి, ఇకనుంచి తాను రాలేరు. ఈరోజు ఎవరి మాట నిలబడితే, మ్యూజియం వాళ్ళు ఇకమీదట వాళ్ళనే పిలుస్తారు. ఉంచవలసిన ఇంజను మీద సుద్దతో గుర్తు పెట్టాలి. గుర్తు లేనిదాన్ని కోసేస్తారు.

ఇన్నాళ్ళూ త్రినాథ్ కోరుకున్నది ఆ ఒక్కటే. అందుకే తొందరపడదలచుకోలేదు. రత్నాన్ని ముందు చూడనిచ్చి, తాను ఆమె వెనకే నాలుగడుగులు ఎడంగా నడిచాడు. ఆమె వంగితే వంగాడు, ఆగితే ఆగాడు. ఆమె గోడ వైపు ఇంజను క్యాబులోకి ఎక్కి ఎంతకీ దిగలేదు. ఖాళీ క్యాబులో ఏం వెతుకుతోంది, పెద్ద తెలిసినదానిలా మా ముందు నటన కాకపోతే, అని లోపల్లోపల పళ్ళు నూరుకుంటూ కిందే నిలబడ్డాడు. తర్వాత ఆమె గేటు వైపు ఇంజను దగ్గరికి వచ్చి, చక్రాల్ని కలిపే రాడ్డుని ఒకసారి తడిమి, అక్కడ ఆగకుండా దాని క్యాబు వైపు వెళ్ళిపోయింది.

ఆమె అటు తిరగ్గానే త్రినాథ్ ఆ రాడ్డు దగ్గర గొంతుక్కూర్చుని మురికి తుడిచాడు. కింద ఉలితో కొట్టిన నంబరు బయటపడింది. ఆ పాత రకం ఇంజన్ల వరసలోని నంబరే అది. రత్నం చెయ్యి దాని మీద నుంచే పోయింది, కానీ ఆమె దాన్ని పోల్చుకోలేదనుకున్నాడు. త్రినాథ్ పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. అది నంబరు దొరికినందుకు కలిగిన ఆనందం కాదని చూసేవాళ్ళకెవరికైనా తెలిసిపోయేది.

ఎవరు ముందు చెబుతారని మాస్టారు అడిగితే, పెద్దవాడు కదా, అన్నయ్యనే చెప్పనివ్వండి అంది రత్నం. ఆ మర్యాద కూడా అతనికి చురుక్కుమనిపించింది. త్రినాథ్ నేరుగా వెళ్ళి గేటు వైపు ఇంజను మీద సుద్దతో పెద్ద గుర్తు పెట్టాడు. కొందరు చేత్తో తడిమి కూడా చూడకుండా పోతారని, నంబరు తన కంటపడిందని అందరికీ వినబడేలా చెప్పాడు. తుక్కువాళ్ళు లేచి సిలిండరుని గోడ వైపు దొర్లించుకెళ్ళారు. మంట కూడా వెలిగింది.

"ఆగండి నాయనా," అన్నారు మాస్టారు. తర్వాత రత్నం వైపు తిరిగి, ఆ నంబరు చూశావా అమ్మా అని అడిగారు.

వేళ్ళకి తగిలిందంది రత్నం. మరి ఎందుకు వదిలేశావంటే కాసేపు తటపటాయించింది. పెద్దవాణ్ణి తక్కువ చేసినట్టవుతుందని ఆమె బాధ. మాస్టారు మళ్ళీ అడిగాక తల వంచుకుని చెప్పింది. "రాడ్లు ఒకదానివి ఒకదానికి అరువు వేసుకుంటారు, వాటి సాక్ష్యం నమ్మొద్దని నేను వచ్చిన మొదటి రోజే అన్నయ్య నేర్పాడండి."

ఆ పాఠం త్రినాథ్ కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. మిగతాది రత్నం తొందరగా చెప్పేసింది. గోడ వైపు ఇంజను క్యాబులో, డ్రైవరు ఎడంకాలు పెట్టే చోట నేల రేకు గుంటపడేలా అరిగిపోయింది. అస్తమానం క్లచ్ తొక్కితే తప్ప అలా అరగదు. గేర్ల ఇంజనుకే క్లచ్ ఉంటుంది. గేటు వైపు దానిలో నేల నున్నగా, ఎక్కడా అరుగు లేకుండా ఉంది. తుక్కువాళ్ళు మాస్టారి మొహం చూసి మంట ఆర్పేశారు.

మాస్టారు కర్ర ఊతంతో మెల్లగా త్రినాథ్ దగ్గరికి వచ్చారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే అతనికి మరీ కష్టంగా తోచింది.

"క్యాబులో నేల ఎలా ఉందో నువ్వు చూశావా?"

త్రినాథ్ లేదన్నట్టు తలూపాడు.

"పోనీ, రత్నం ఆ రాడ్డుని ఏ చేత్తో తడిమింది?"

"ఎడం చేత్తోనండి," అన్నాడు త్రినాథ్ ఆలోచించకుండానే. "కుడిచేతిలో టార్చి ఉంది. రెండు వేళ్ళతోనే తాకింది, తాకి చీరకొంగుకి తుడుచుకుంది."

అన్నాక ఆ మాటలు తన చెవినే పడ్డాయి. అతను ఇంక తలెత్తలేకపోయాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"నీ చూపుకేం లోటు లేదు నాయనా," అన్నారు.